దొప్పలపాడులో పద్నాలుగో లూయీ

"రాజ్యమంటే ఎవరు?" అని అడిగి, ఆ జవాబేదో తనే చెప్పబోతూ, చెంచురామయ్య మాస్టారు గట్టిగా తుమ్మాడు.

ఆయన తుమ్మాక ఇక క్లాసు ఆగుతుందా? వెనక బెంచీలో గురవయ్య తుమ్మాడు. మధ్య బెంచీలవాళ్ళు వరసబెట్టి అందుకున్నారు. ఆడపిల్లల బెంచీలో నలుగురూ ఓణీ చెంగులు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. గోడకవతల లెక్కల మాస్టారు తుమ్మిన తుమ్ముకు ఆయన బల్ల మీది స్కేలు కిందపడ్డ చప్పుడు కూడా వినిపించింది.

ఫిబ్రవరి నెలలో దొప్పలపాడు జిల్లా బోర్డు హైస్కూల్లో పాఠాలు ఇట్లాగే నడుస్తాయి. కిటికీలోంచి చూస్తే గ్రౌండు కనపడదు, మిరపకాయలు కనపడతాయి. చెడుగుడు గీతల మీద, లాంగ్‌జంపు గుంట చుట్టూ, జెండాకర్ర మొదలుదాకా ఎర్రగా పరిచి ఉంటాయి. అవి స్కూలు కమిటీ ప్రెసిడెంటు పానకాలయ్యగారి చేలో కాయ. మొదటి కోత రాగానే బళ్ళమీద తెచ్చి పోస్తారు. అక్కణ్ణుంచి వేసవి సెలవులదాకా పిల్లలకు ఆటల పీరియడు లేదు. ఆ పీరియడులో వాళ్ళు కాయ తిరగేస్తారు, తెల్లబారిన తాలుకాయ ఏరి పక్కన పోస్తారు. హెడ్మాస్టరు శరభయ్యగారు దాన్ని రిజిస్టరులో ఎర్రసిరాతో 'శ్రమదానం' అని రాసుకుంటారు. కిందటేడు తనిఖీకి వచ్చిన అధికారి ఒకాయన ఆ మాట చూసి ముచ్చటపడి, తుమ్ముకుంటూ వెళ్ళాడు.

చెంచురామయ్య ముక్కు తుడుచుకుని, సుద్దముక్క తీసుకుని, నల్లబల్ల మీద గుండ్రటి అక్షరాలతో రాశాడు: 'రాజ్యమంటే నేనే.'

"ఈ మాట అన్నవాడు ఫ్రాన్సు దేశపు రాజు, పద్నాలుగో లూయీ. నిజంగా అన్నాడో లేదో ఎవరికీ తెలియదు. అన్నాడని మాత్రం అందరూ నమ్మారు. ఆయన కూడా కాదనలేదు. మంత్రులు ఉండేవాళ్ళు గానీ ఆయన అడిగితేనే నోరు తెరవాలి. పార్లమెంటులాంటి సభ ఒకటి ఉండేది గానీ దాన్ని పిలిచిన పాపాన పోలేదు. దీన్నే నిరంకుశ రాజరికం అంటారు. రాసుకోండి."

ఆడపిల్లల బెంచీ చివర నాంచారమ్మ లేచి నిలబడింది. సన్నగా, పొడుగ్గా ఉండే పిల్ల. చలికాలం పోయిందాకా ఆయాసం వదలదు ఆమెకు. అయినా క్లాసులో ఎక్కువ ప్రశ్నలు వేసేది ఆ పిల్లే.

"ఆయన తప్పు చేస్తే అడిగేవాళ్ళు ఉండరాండీ?"

"దేవుడొక్కడే అడగాలి. తనకు రాజ్యం దేవుడిచ్చాడని గదా ఆయన చెప్పుకునేది."

"దేవుడు ఎప్పుడు అడుగుతాడండీ?"

"చచ్చిపోయాక."

"అప్పుడడిగి ఏం లాభమండీ?" అంది నాంచారమ్మ.

క్లాసు నవ్వింది. చెంచురామయ్యా నవ్వబోయాడు. అంతలో కిటికీలో వెలుతురు తగ్గింది. చువ్వల అవతల తెల్లటి మీసాలు, భుజాన జరీ కండువా, చేతిలో పొన్నుకర్ర. పానకాలయ్యగారు. కాయ తిరగేయడం చూడటానికి వచ్చినప్పుడల్లా ఆయన వరండాలో హెడ్మాస్టరుగారి కుర్చీలో కూర్చుంటారు. ఎంతసేపట్నుంచి వింటున్నారో ఏమో.

"ఏమయ్యా మాస్టరూ, ఎవరా మనిషి?"

పిల్లలంతా లేచి నిలబడ్డారు. చెంచురామయ్య చేతిలో సుద్దముక్క రెండయింది.

"ఫ్రాన్సు రాజండీ. పద్నాలుగో లూయీ."

"పద్నాలుగోవాడా? ముందు పదమూడు మందీ?"

"వాళ్ళూ లూయీలేనండీ. అందరికీ అదే పేరు."

"బాగుంది. మా ఇంట్లోనూ అంతే. మా తాత పానకాలు, నేను పానకాలు, నా మనవడు పానకాలు. లెక్క పెట్టుకోవాలని తోచలేదు గానీ." ఆయన పొన్నుకర్ర చువ్వల మధ్య నుంచి లోపలికి పెట్టి నల్లబల్ల వైపు చూపించారు. "ఈ మాట... రాజ్యమంటే నేనే... మగాడయ్యా వాడు! మిగతాది ఎప్పుడు చెబుతావు?"

"రేపు మూడో పీరియడండీ."

"వస్తా," అని వెళ్ళిపోయారు పానకాలయ్యగారు.

* * *

మంగళవారం మూడో పీరియడుకు చెంచురామయ్య క్లాసులోకి వచ్చేసరికి నల్లబల్ల పక్కన హెడ్మాస్టరుగారి చేతుల కుర్చీ వేసి ఉంది. కుర్చీలో పానకాలయ్యగారు. కుర్చీ వెనక హెడ్మాస్టరు శరభయ్యగారు. గుమ్మం దగ్గర బంట్రోతు సిలార్, చేతిలో మంచినీళ్ళ చెంబు.

శరభయ్యగారు అంతకుముందే చెంచురామయ్యను వరండాలో పక్కకు తీసుకెళ్ళారు. "జాగ్రత్తండీ. మీ ఉద్యోగం ఖాయం చేసే కాగితం ఎవరి చేతుల్లో ఉందో తెలుసుగా?" అని కళ్ళతోనే కుర్చీ వైపు చూపించారు. చెంచురామయ్య చీరాల నుంచి ఇక్కడికి వచ్చి ఎనిమిది నెలలయింది. ఈ ఎనిమిది నెలల్లో శరభయ్యగారు ఆ కాగితం సంగతి ఎత్తని వారం లేదు.

చెంచురామయ్య గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. రాజుగారు నిద్రలేవడం అంటే ఫ్రాన్సులో పెద్ద ఉత్సవం. పొద్దున ఎనిమిదింటికి పడకగది తలుపు తీస్తారు. ముందు దగ్గరి చుట్టాలు, తర్వాత పెద్దపెద్ద జమీందార్లు, తర్వాత చిన్న జమీందార్లు, ఎవరి వరసలో వాళ్ళు లోపలికి వెళ్ళాలి.

"ఎందుకు?" అన్నారు పానకాలయ్యగారు.

"చూట్టానికండీ."

"నిద్రలేవడం చూట్టానికా?"

"అవునండీ. రాజుగారికి చొక్కా అందివ్వడం అన్నిటికన్నా పెద్ద గౌరవం. అక్కడున్నవాళ్ళలో ఎవరు గొప్పవాడైతే వాడి చేతికి చొక్కా ఇస్తారు. ఒకడి చేతిలో చొక్కా ఉండగా అంతకన్నా గొప్పవాడు వస్తే, ఆ చొక్కా వాడి చేతిలోకి మారుతుంది. ఇంకొకడు వస్తే ఇంకొకడి చేతిలోకి."

"అప్పటిదాకా రాజు?"

"చొక్కా లేకుండా కూర్చునే ఉంటాడండీ."

గురవయ్య కిసుక్కుమన్నాడు. పానకాలయ్యగారు కూడా గుబురు మీసాల కింద నవ్వారు. "మరి స్నానం?"

"స్నానం అరుదండీ. మొహం తుడుచుకునేవాడు."

"ఛీ. అదేం రాజు! ఆ ఒక్కటీ బాగాలేదు. మిగతా ఏర్పాటు బాగానే ఉంది."

సరిగ్గా అప్పుడే ఆయన భుజం మీది కండువా జారి నేలమీద పడింది. శరభయ్యగారు కుర్చీ వెనక నుంచి చుట్టూ తిరిగి రావాలి. సిలార్ చేతిలో చెంబు ఉంది. చెంచురామయ్య ఒక్క అడుగు దూరంలో ఉన్నాడు. ఏం చేస్తున్నదీ తెలిసేలోపే వంగి, కండువా తీసి, సుద్దపొడి అంటకుండా రెండు వేళ్ళతో దులిపి, మగ్గం మీంచి దించిన బట్టను మడిచినట్టు పొందిగ్గా మడిచి, ఆయన భుజాన వేశాడు.

వేసి తలెత్తేసరికి క్లాసంతా తననే చూస్తోంది. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. నాంచారమ్మ మాత్రం చటుక్కున తల దించుకుని నోట్సులో ఏదో రాసుకుంది. ఆ పిల్ల ఏం రాసుకుందోనని తర్వాత రెండు రోజులు ఆయనకు నిద్రపట్టలేదు.

ఆ వెంటనే నాంచారమ్మకు దగ్గు వచ్చింది. ఓణీ నోటికి అడ్డం పెట్టుకుంది, బల్లమీదకు వంగింది, ఊపిరి బిగబట్టింది. ఆగలేదు. పానకాలయ్యగారు కొంచెం విసుగ్గా ఆ వైపు తిరిగారు. ఆయన తిరగడం చూసి శరభయ్యగారు చెంచురామయ్య వైపు తిరిగారు. తిరిగి, కనుబొమలు ఎత్తారు.

"నాంచారమ్మా," అన్నాడు చెంచురామయ్య, "నువ్వు కాస్త బయట నుంచోమ్మా."

ఆ పిల్ల పుస్తకం తీసుకుని వెళ్ళి కిటికీ అవతల నిలబడింది. అంటే మిరపకాయల ఒడ్డునే. అక్కడ దగ్గు ఇంకా ఎక్కువైంది. కాకపోతే గోడ అడ్డం గనుక లోపలికి అంతగా వినపడలేదు.

* * *

బుధవారం నాటికి ఊళ్ళో సంగతి పొక్కింది. ప్రెసిడెంటుగారు స్కూల్లో చేరారట అని కాఫీ హోటల్లో ఒకరు, కాదు, ఏదో దొరల కథ చెప్పించుకుంటున్నారట అని ఇంకొకరు. కథ సాగడానికి ఒక పీరియడు చాలదని శరభయ్యగారు ఫిఫ్తు ఫారం లెక్కల పీరియడు కూడా చరిత్రకే ఇచ్చేశారు. లెక్కల మాస్టారు అభ్యంతరం చెప్పబోయి, కాగితం సంగతి గుర్తుచేయగానే ఊరుకున్నారు. ఆయన కాగితమూ ఆ చేతుల్లోనే ఉందట మరి.

చెంచురామయ్య ఆ రోజు రాజుగారి వర్సాయి కోట గురించి చెప్పాడు. నేల నిండా నీళ్ళు పైకి చిమ్మే ఊటలు, తోటలు, అద్దాల హాలు. ఊటలన్నిటికీ ఒకేసారి నీళ్ళు చాలేవి కాదట. అందుకని రాజుగారు తోటలో ఏ వైపు నడుస్తుంటే ఆ వైపు ఊట తిప్పి, ఆయన దాటిపోగానే ఆపేసేవాళ్ళట. ముందు వెళ్ళే పిల్లవాళ్ళు ఈలవేసి చెప్పేవాళ్ళట.

"అంటే ఆయన అన్నిచోట్లా ఊటలు పడుతున్నాయని అనుకున్నాడా?" అన్నారు పానకాలయ్యగారు.

"అనుకునే ఉంటాడండీ."

"పిచ్చివాడు," అన్నారాయన ప్రేమగా.

ఆ తర్వాత పన్నుల సంగతి వచ్చింది. జమీందార్లకు పన్నుల్లేవు. భారమంతా సేద్యం చేసుకునేవాళ్ళ మీదే. ఉప్పు మీద కూడా పన్ను. కావాలన్నా వద్దన్నా మనిషికి ఇంత చొప్పున కొనితీరాలి.

పానకాలయ్యగారి మొహంలో రంగు మారింది. పొన్నుకర్ర నేలకేసి కొట్టారు. "ఉప్పు మీద పన్నా? తప్పు! అది మాత్రం తప్పు! ఆ ఉప్పు కోసమే నేను రాయవెల్లూరు జైల్లో ఆరు నెలలున్నా. ముప్పయ్యో సంవత్సరం. దొర ఎదురుగా నుంచుని, 'ఉప్పు నీ అబ్బ సొమ్మా' అన్నా. ఇక్కడ, చూడండిరా," అని చొక్కా చెయ్యి పైకి లాగి, మోచేతి మీద లాఠీ దెబ్బ మచ్చ పిల్లలకు చూపించారు.

పిల్లలు మెడలు చాచి చూశారు. చెంచురామయ్య కూడా చూశాడు. ఎనిమిది నెలలుగా ఆయనకు తెలిసిన పానకాలయ్యగారు వేరు, ఈ మచ్చ ఉన్న మనిషి వేరు. ఒకే కుర్చీలో ఇద్దరు కూర్చున్నట్టుగా ఉంది.

ఆ సాయంత్రం శరభయ్యగారు చెంచురామయ్యను గదిలోకి పిలిచి, మర్నాటి పాఠం నోట్సు చూపించమన్నారు. కళ్ళజోడు పెట్టుకుని, ఎర్రసిరా కలం తీసుకుని, పైనుంచి కిందికి చదివారు. చివరి పేజీ దగ్గర కలం ఆగింది.

"చూడండి చెంచురామయ్యగారూ. ఈయన్ని చంపకండి."

"నేను చంపటమేమిటండీ? పదిహేడు వందల పదిహేనులోనే పోయాడు."

"పోతే పోయాడు. మన స్కూల్లో పోకూడదు. ప్రెసిడెంటుగారు ఆయన మీద మనసు పడ్డారు. వచ్చే ఏడాది ఇంకో బ్యాచీ వస్తుంది, వాళ్ళకు పోనిద్దాం."

"పిల్లలకు పరీక్షలో వస్తుందండీ."

శరభయ్యగారు ఆలోచించారు. "సరే. పోతే పోనివ్వండి. కానీ ఇదేమిటి? శవయాత్ర దారిలో జనం నవ్వారా? తాగి పాటలు పాడారా?" ఆ వాక్యాలు ఎర్రగా కొట్టేసి, పక్కన తన ముత్యాల్లాంటి దస్తూరీతో రాశారు: 'ప్రజలు కన్నీరుమున్నీరుగా విలపించిరి.' రాసి, అద్దుడు కాగితం అద్ది, నోట్సు తిరిగి ఇచ్చారు. "ఇట్లా చెప్పండి. చరిత్ర అంటే కాస్త గౌరవంగా ఉండాలి."

* * *

గురువారం పానకాలయ్యగారు పాఠానికి ముందే వచ్చి కూర్చున్నారు. కొత్త పంచె కట్టుకున్నారు. నాంచారమ్మ మూడో రోజు కూడా కిటికీ అవతలే నిలబడి, పుస్తకం గోడకు ఆనించి రాసుకుంటోంది.

చెంచురామయ్య రాజుగారి ముసలితనం దగ్గరకు వచ్చాడు. చేసిన యుద్ధాలన్నీ అయిపోయాయి. బొక్కసం ఖాళీ. ఒక్క సంవత్సరంలోనే కొడుకు పోయాడు, తర్వాత మనవడు పోయాడు, ఆ మనవడి పెద్దకొడుకు పోయాడు. చివరికి ఐదేళ్ళ ముని మనవడు ఒక్కడు మిగిలాడు.

"అయ్యో," అన్నారు పానకాలయ్యగారు. కర్ర మీద గడ్డం ఆనించుకున్నారు.

"ఆ పిల్లవాణ్ణి దగ్గరకు పిలిచి, 'నాలాగా యుద్ధాలు చేయబోకు, జనాన్ని సుఖపెట్టు' అని చెప్పాడటండీ. కాలు కుళ్ళి, చాలా బాధపడి పోయాడు. డెబ్భై రెండేళ్ళు రాజుగా ఉన్నాడు."

"డెబ్భై రెండేళ్ళు! అయితే శవయాత్ర బ్రహ్మాండంగా చేసుంటారే?"

చెంచురామయ్య నోట్సు వైపు చూశాడు. ఎర్ర అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. కుర్చీ వెనక శరభయ్యగారు, పాఠం అప్పజెప్పే పిల్లవాడు మరిచిపోతాడేమోనని తల్లి అందించినట్టు, పెదవులు కదిపి ఆ వాక్యం అందిస్తున్నారు. "ప్రజలు..." అని మొదలుపెట్టాడు చెంచురామయ్య. "ప్రజలు కన్నీరు..."

కిటికీ అవతల దగ్గు మొదలయింది. పొడి దగ్గు, ఆగి ఆగి, పీల్చుకోవడానికి గాలి దొరకని దగ్గు. దగ్గుతూనే ఆ పిల్ల ఆ ముక్క కూడా రాసుకోవడానికి కలం ఎత్తింది. 'కన్నీరు' దాకా రాసేసింది.

అది చూశాక చెంచురామయ్యకు ఇక ఆ వాక్యం నోట్లోంచి రాలేదు.

"కొట్టేయమ్మా," అన్నాడు కిటికీ వైపు తిరిగి. "ఆ మాట కొట్టేయి. నేను తప్పు చెప్పాను." తర్వాత క్లాసు వైపు తిరిగాడు. "జనం ఏడవలేదు. శవాన్ని ఊళ్ళోంచి తీసుకెళ్ళడానికి భయపడి, చుట్టుదారిన తీసుకెళ్ళారు. ఆ దారి పక్కనే జనం డేరాలు వేసుకుని, తాగి, పాటలు పాడి, నవ్వారు."

శరభయ్యగారు కుర్చీ వీపు పట్టుకున్నారు.

"నవ్వారా?" అన్నారు పానకాలయ్యగారు.

"నవ్వారండీ."

"శవాన్ని చూసి?"

"అవునండీ."

ఆయన కిటికీ వైపు చూశారు. బయట రమణమ్మ అనే కూలామె పొడుగు కర్రతో కాయ తిరగేస్తోంది. ఆ గలగల లోపలికి వినిపిస్తోంది. తర్వాత ఆయన నెమ్మదిగా పిల్లలవైపు తిరిగారు.

"ఒరేయ్, రేపు నేను పోతే మీరేం చేస్తార్రా?"

"శివ శివ! అవేం మాటలండీ!" అన్నారు శరభయ్యగారు.

"మీరుండండి. ఏరా, వెనక బెంచీ, నువ్వు. లే. చెప్పు."

గురవయ్య లేచాడు. వాడికి అబద్ధం చెప్పాలన్న ఆలోచన రావడానికే అర నిమిషం పడుతుంది. అంతలోపల నిజం వచ్చేస్తుంది.

"సెలవిస్తారండీ."

"ఇస్తే?"

"ఆడుకుంటామండీ."

"ఎక్కడ?"

గురవయ్య కిటికీలోంచి బయటకు చూసి, చిక్కులో పడ్డాడు. మొహం కాసేపు లెక్క తెగనివాడిలా పెట్టి, దారి దొరికి వెలిగిపోయాడు. "మీరు పోతే కాయ ఎత్తేస్తారు గదండీ. గ్రౌండులోనే ఆడుకుంటామండీ, చెడుగుడు!"

 పానకాలయ్యగారు లేచారు. ఎవరివైపూ చూడకుండా, కర్ర టకటకలాడించుకుంటూ వరండా దాటి, మిరపకాయల మధ్య కాలిబాటన నడిచి వెళ్ళిపోయారు.

శరభయ్యగారు ఖాళీ అయిన తన కుర్చీలో కూలబడ్డారు. "చెంచురామయ్యగారూ, రాజీనామా ఇప్పుడు రాస్తారా, భోంచేసి వచ్చి రాస్తారా?"

గంట కొట్టారు. పిల్లలు బయటకు వెళ్ళిపోయారు. చెంచురామయ్య నల్లబల్ల తుడుస్తూ చూస్తే కిటికీ అవతల నాంచారమ్మ ఇంకా నిలబడే ఉంది.

"ఇంకా అక్కడే ఉన్నావేమ్మా? లోపలికి రాకపోయావా మూడు రోజుల్నుంచీ?"

"మీరే గదండీ నుంచోమంది."

"నేనా? అది హెడ్మాస్టారు..."

"ఆయన చూశారంతేనండీ," అంది ఆ పిల్ల మామూలుగా. కోపమేమీ లేదు ఆ గొంతులో. ఎవరన్నదీ గుర్తుచేస్తోంది, అంతే. "అన్నది మీరు."

చెంచురామయ్య డస్టరు బల్లమీద పెట్టాడు. "రేపట్నుంచి నీ బెంచీలో కూర్చో," అన్నాడు. అది చాలదనిపించింది. "నాదే తప్పు," అని కూడా అన్నాడు. పాఠం చెప్పడం కన్నా కష్టమైంది ఆ రెండు మాటలూ అనడం.

* * *

శుక్రవారం పొద్దున బళ్ళ చప్పుడుకు ఊరంతా స్కూలు దగ్గర చేరింది. ఆరు ఎడ్లబళ్ళు. పానకాలయ్యగారి పాలేళ్ళు కాయ గోతాల్లోకి ఎత్తుతున్నారు. రమణమ్మ, ఇంకో ఇద్దరు కూలీలు చీపుళ్ళతో వెనకనుంచి ఊడ్చుకుంటూ వస్తున్నారు. ఐదేళ్ళ తర్వాత ఫిబ్రవరి నెలలో దొప్పలపాడు హైస్కూలుకు నేల కనిపించింది.

శరభయ్యగారు ఒక బండి నుంచి ఇంకో బండికి పరుగెడుతున్నారు. "ఎవరు తీయమన్నారయ్యా? అన్నీ తీసేస్తే ఎట్లా? ఆ మూల కాసినివ్వండి! ఉండనివ్వండి! మీకు పుణ్యముంటుంది!"

"తీయమన్నారండీ," అని మాత్రం అన్నారు పాలేళ్ళు.

సిలార్ వచ్చి చెంచురామయ్య చెవిలో చెప్పాడు, ప్రెసిడెంటుగారు ఇంటికి రమ్మంటున్నారని. చెంచురామయ్య రాజీనామా కాగితం తెల్లవారుజామునే రాసి జేబులో పెట్టుకున్నాడు. చొక్కా సర్దుకుని బయల్దేరాడు. దారిపొడుగునా గుమ్మాల్లో నిలబడ్డవాళ్ళు ఆయన్ను జాలిగా చూశారు.

పానకాలయ్యగారి ఇంటి ముందు వాకిలంతా మిరపకాయలు. అరుగుల మీద మిరపకాయలు, పశువుల కొట్టం ముందు మిరపకాయలు, తులసికోట చుట్టూ వదిలిన జానెడు మేర తప్ప ఎక్కడా కాలు పెట్టే చోటు లేదు. వసారాలో పడకకుర్చీలో పానకాలయ్యగారు వరసగా తుమ్ముతున్నారు. ఆయన భార్య మాణిక్యమ్మగారు పమిటచెంగు ముక్కుకు కట్టుకుని, ఆ కట్టులోంచే అరుస్తున్నారు.

"నలభై ఏళ్ళ కాపురంలో ఈ ఘాటు నా గడప తొక్కనివ్వలేదు! ఇంత పెద్ద బడి అక్కడుండగా కొంపమీదకు తెస్తారా ఎవరైనా? వంటింట్లో పాలు కూడా కారంగా ఉన్నాయి!"

"పిల్లలు ఐదేళ్ళు పీల్చారులేవే," అన్నారాయన. "నువ్వు నెల్లాళ్ళు పీల్చు. రావయ్యా మాస్టరూ. కూర్చో."

చెంచురామయ్య కూర్చోలేదు. జేబులోంచి కాగితం తీసి అందించాడు. ఆయన కళ్ళజోడు వెతుక్కుని, పెట్టుకుని, చదివి, మళ్ళీ చదివారు.

"నువ్వెందుకు పోతున్నావు?"

"మీరు... నా ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీ చేతుల్లో ఉంది గదండీ."

"నా చేతుల్లోనా?" ఆయన నిజంగానే తన రెండు చేతులూ తిప్పి చూసుకున్నారు. "నా చేతుల్లో ఏముందయ్యా? ఆ కాగితాలు గుంటూరులో బోర్డు ఆఫీసులో ఉంటాయి. వాళ్ళు నన్ను అడగను కూడా అడగరు. అంత పలుకుబడే ఉంటే నా చేనుకు కాలవ నీళ్ళు తెచ్చుకోనా? ఎవరు చెప్పారు నీకు?"

చెంచురామయ్య పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. పానకాలయ్యగారు తుమ్మి, కండువాతో ముక్కు తుడుచుకున్నారు.

"ఇది విను. ఐదేళ్ళ కింద అకాల వాన పట్టింది. కాయ తడుస్తుందని, బడి వరండాలో ఓ నాలుగు రోజులు పోసుకుంటానన్నా. మీ హెడ్మాస్టరు సరేనన్నారు. వాన తగ్గాక తీయించబోతే, ఎండ బాగా తగులుతుంది, గ్రౌండులో పోయించండి అన్నారు. సరే గదా అన్నా. మరుసటేడు నేను అడగకముందే ఊడ్పించి ఉంచారు. పిల్లల చేత తిరగేయించమని నేననలా. పిల్లలకు ఆటల్లేవని నాకు నిన్న ఆ వెనక బెంచీవాడు చెప్పిందాకా తెలియదు." ఆయన కళ్ళజోడు తీశారు. "తెలియదంటే... తెలుసుకోలేదు. బాగుంది గదా అని ఊరుకున్నా."

అది ఆయన నోటి నుంచి తేలిగ్గా వచ్చిన మాట కాదు. చెంచురామయ్య తులసికోట వైపు చూస్తూ నిలబడ్డాడు. ఎనిమిది నెలలుగా తను ఎవరికి భయపడ్డాడో ఆ మనిషి దొప్పలపాడులో ఎక్కడా లేడు. ఆయన్ను తామంతా కలిసి తయారుచేసుకున్నారు. అందులో తన వాటా ఒక కండువా మడత, ఇంకా, కిటికీ అవతల ఒక పిల్ల.

పానకాలయ్యగారు రాజీనామా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న కుర్చీ కోడు కింద దోపారు. కుర్చీ ఊగడం ఆగింది.

"సరేగానీ, ఆ ఐదేళ్ళ పిల్లాడు ఏమయ్యాడు? పదిహేనోవాడు? వాడైనా ముసలాడి మాట విన్నాడా? రేపు చెప్పు. పొద్దున్నే వస్తా."

"అట్లాగేనండీ" అనే మాట అలవాటుగా చెంచురామయ్య నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"రేపు కుదరదండీ."

మాణిక్యమ్మగారు తిట్టడం ఆపి ఇటు తిరిగారు. పానకాలయ్యగారి చెయ్యి మీసం మీద ఆగిపోయింది.

"ఏమన్నావు?"

"పిల్లలకు రెండు రోజుల లెక్కల పాఠం పోయిందండీ. రేపు ఆ పీరియడులన్నీ లెక్కల మాస్టారికి ఇచ్చేయాలి. చరిత్ర సోమవారం, మొదటి పీరియడు." మిగిలింది కూడా అనేశాడు. "గంట కొట్టకముందే రావాలండీ. గంట కొట్టాక వస్తే ఎవరినైనా బయటే నుంచోపెడతాను. కుర్చీ ఉండదు. వెనక బెంచీలో గురవయ్య పక్కన చోటుంది."

వాకిట్లో పిచ్చుకలు మిరపకాయల మీద వాలి, తుర్రున లేచిపోయాయి. పానకాలయ్యగారు ఆయన్ను పైనుంచి కిందిదాకా ఒకసారి చూశారు. ఆయన మొహంలో కోపం వచ్చింది, దాని వెనకే ఇంకేదో వచ్చి కోపాన్ని పక్కకు నెట్టింది. కుర్చీలో వెనక్కి తిరిగి, భార్యను కేకేశారు.

"మాణిక్యం! మన గోడ గడియారం సరిగ్గా నడుస్తోందా?"

"అది ఆగిపోయి రెండేళ్ళయింది," అన్నారు మాణిక్యమ్మగారు పమిటచెంగు కట్టులోంచి.

"రెండేళ్ళా? రోజూ టైమెంతయిందని అడుగుతూనే ఉన్నా గదా! మరి నాకెవరూ చెప్పలేదేం?"

"మీరు ఆకలేసినప్పుడు అడిగితే పన్నెండయిందన్నాం. నిద్రొచ్చి అడిగితే తొమ్మిదయిందన్నాం. ఏనాడైనా కాదన్నారా?"